డీసీ డ్రైవ్ మొరాయిస్తే: కార్డు మార్చేముందు చూడాల్సినవి

గాజువాక ఆటోనగర్‌లో ప్లాస్టిక్ పైపులు తీసే ఒక షెడ్డు నుంచి మధ్యాహ్నం ఫోనొచ్చింది. "మాస్టారూ, డ్రైవ్ మళ్ళీ పోయిందండి." ఆ "మళ్ళీ" దగ్గరే నాకు అనుమానం వచ్చింది. డ్రైవ్ అంటే మోటారు స్పీడుని అదుపు చేసే ఎలక్ట్రానిక్ పెట్టె, కార్డు అంటే దాని లోపలి బోర్డు. రెండు నెలల్లో అది మూడో కార్డు. పొద్దున్న మిషను బుద్ధిగా నడుస్తుందట. పదకొండు దాటేసరికి మోటారు తనంతట తానే స్పీడు పెంచుకుంటుంది, కాసేపటికి ఓవర్ కరెంటు చూపించి డ్రైవ్ ట్రిప్ అయిపోతుంది. కార్డు మార్చినప్పుడల్లా రెండు మూడు వారాలు బాగుంటోంది, తర్వాత కథ మళ్ళీ మొదటికొస్తోంది. ఆ జబ్బు ఎక్కడ దొరికిందో దాని వంతు వచ్చినప్పుడు చెప్తాను.

డీసీ మోటారు ఆగిందంటే మనవాళ్ళు ముందు వేలు పెట్టేది డ్రైవ్ మీదే. ప్యానెల్లో ఖరీదైనదీ, లోపల ఏముందో అర్థం కానిదీ అదే కాబట్టి. నా అనుభవంలో మాత్రం "కార్డు పోయింది" అని నా బల్ల మీదకి వచ్చినవి చాలామటుకు కార్డు పోయినవి కావు. లూజు లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క), అరిగిన కార్బను (బ్రష్), తెగిన టాకో వైరు (టాకో అంటే మోటారు స్పీడుని వోల్టేజీగా చెప్పే చిన్న జనరేటరు), తప్పు ఫ్యూజు. అందుకే డ్రైవ్‌ని అనుమానించే ముందు నాలుగు అంకెలు తీయమంటాను: ఫీల్డ్ కరెంటు, ఆర్మేచర్ వోల్టేజీ, ఆర్మేచర్ కరెంటు, టాకో వోల్టేజీ. ఆర్మేచర్ అంటే మోటారులో తిరిగే చుట్ట, ఫీల్డ్ అంటే దాని చుట్టూ కదలకుండా ఉండి అయస్కాంతంలా పనిచేసే చుట్ట. ఈ నాలుగూ చేతిలో ఉంటే తప్పు ఏ వైపు ఉందో దాదాపు తేలిపోతుంది.

ఎందుకంటే డీసీ మోటారు స్పీడు రెండింటి చేతుల్లోనే ఉంటుంది. ఆర్మేచర్‌కి ఇచ్చే వోల్టేజీ పెరిగితే స్పీడు పెరుగుతుంది. ఫీల్డ్ బలం తగ్గినా స్పీడు పెరుగుతుంది. ఈ రెండోదే కొత్తవాళ్ళని తికమక పెడుతుంది: ఫీల్డ్ తగ్గితే మోటారు నీరసపడాలి కదా అనుకుంటారు. నీరసపడేది టార్క్ (తిప్పే బలం). స్పీడు పైకే పోతుంది, లోడు లాగడానికి కరెంటు ఎక్కువ తాగుతుంది. వాల్తేరు షెడ్డులో తిరిగిన పాత డబ్ల్యూఏజీ-5 రైలింజన్లలో ఉన్నవి డీసీ సిరీస్ మోటార్లే. ట్యాప్ ఛేంజర్‌తో వోల్టేజీ మెట్లు మెట్లుగా పెంచి, ఆ పైన ఇంకా స్పీడు కావాలంటే ఫీల్డ్‌ని బలహీనపరిచేవారు. సూత్రం అదే.

ఒక లెక్క చూడండి. 440 వోల్టుల మోటారు, ఆర్మేచర్ రెసిస్టెన్స్ 0.25 ఓమ్, ఫుల్ లోడు మీద 100 ఆంపియర్లు. లోపల పోయేది 25 వోల్టులు. మిగిలిన 415 వోల్టులే మోటారు తిరుగుతూ ఎదురు పుట్టించే వోల్టేజీ. స్పీడు ఈ 415ని బట్టి ఉంటుంది, 440ని బట్టి కాదు. లోడు పడగానే స్పీడు కొంచెం కుంగేది అందుకే. ఐఆర్ కాంపెన్సేషన్ అనే బుల్లి స్క్రూ కార్డు మీద ఉండేదీ ఆ కుంగుడు సరిచేయడానికే.

ముందు ప్రాణం సంగతి

ఐసోలేటర్ ఆఫ్ చేసి తాళం వేసి, ఆ తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి. హెల్పర్ చేతికి ఇవ్వకండి. మెయిన్స్ తీశాక కూడా మీటరుతో ఆర్మేచర్, ఫీల్డ్ టెర్మినళ్ళు రెండూ కొలిచి సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. కంట్రోల్ సప్లై చాలా ప్యానెళ్ళలో వేరే ఎంసీబీ నుంచి వస్తుంది, దాన్ని మరిచిపోతుంటారు.

డీసీకి ఒక దుర్గుణం ఉంది. ఏసీలో కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాని దాటుతుంది కాబట్టి నిప్పు తనంతట తానే ఆరుతుంది. డీసీలో ఆ అవకాశం లేదు. లోడు మీద ఆర్మేచర్ వైరు ఊడదీస్తే మంట సాగుతూ చేతి దాకా వస్తుంది. ఫీల్డ్ వైరు ఇంకా ప్రమాదం. ఆ చుట్టలో దాచుకున్న శక్తంతా ఒక్కసారి వదిలి వెయ్యి వోల్టులు దాటే దెబ్బ కొట్టగలదు. పైగా మోటారు నడుస్తుండగా ఫీల్డ్ తెగి, ప్రొటెక్షన్ కూడా పనిచేయకపోతే, లోడు లేని మోటారు ఆర్మేచర్ చీలిపోయేంత వేగం అందుకుంటుంది. కాబట్టి నడుస్తున్న మిషను మీద ఫీల్డ్ వైరుని "కదిపి చూద్దాం" అనే ఆలోచనే వద్దు.

ఆసిలోస్కోపు ఉంటే దాని ప్లగ్గుకి ఎర్త్ పిన్ను కోసేసి వాడే అలవాటు మన దగ్గర ఉంది. అప్పుడు స్కోపు బాడీయే 400 వోల్టుల మీద కూర్చుంటుంది. డిఫరెన్షియల్ ప్రోబు కొనండి, లేదంటే స్కోపు లేకుండానే పని చేయండి. ఇక్కడ చెప్పినవాటిలో చాలామటుకు మంచి మల్టీమీటరుతో అయిపోతాయి.

ఇంకొక పనిముట్టు గురించి. మామూలు క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీనే కొలుస్తాయి. అలాంటిది ఆర్మేచర్ వైరుకి తగిలిస్తే కరెంటులోని అలలు మాత్రమే కనిపిస్తాయి, అసలు కరెంటు కనబడదు. "మోటారు కరెంటే తీసుకోవట్లేదు" అని నాకు ఫోన్ చేసినవాళ్ళలో కొందరి సమస్య ఇదే. డీసీ గుర్తు ఉన్న హాల్ సెన్సర్ క్లాంప్ కావాలి.

ఆపరేటర్ చెప్పేది పూర్తిగా వినండి

మీటరు తీయకముందు ఐదు నిమిషాలు. ఎప్పుడు మొదలైంది? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? స్టార్టింగ్‌లోనా, నడుస్తుండగానా, ఆపేటప్పుడా? దానికి ముందు ఎవరైనా ఏమైనా ముట్టుకున్నారా? ఈ చివరి ప్రశ్నకి మొదట "లేదండి" అనే వస్తుంది. టీ తాగుతూ మళ్ళీ అడగండి. "అదే... మొన్న మెయిన్ కేబుల్ మార్చారు" అని బయటకొస్తుంది.

కేబుల్ మార్చారంటే ఫేజ్ వరుస మారి ఉండొచ్చు. పాత అనలాగ్ కార్డుల్లో థైరిస్టర్లకి (ఏసీని డీసీగా మార్చి ఇచ్చే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) పల్సు ఎప్పుడు ఇవ్వాలో సింక్రనైజింగ్ ట్రాన్స్‌ఫార్మర్ చెప్తుంది. పవర్ ఫేజులకీ దానికీ పొంతన తప్పితే డ్రైవ్ ఉలిక్కిపడినట్టు కొడుతుంది లేదా ఫ్యూజులు తింటుంది. కొత్త డిజిటల్ డ్రైవ్‌లు చాలావరకు వరుసని వాటంతట అవే సర్దుకుంటాయి. కానీ మోటారు నెత్తిన కూర్చున్న మూడు ఫేజుల బ్లోవర్ సర్దుకోదు. అది వెనక్కి తిరుగుతుంది, గాలి వస్తున్నట్టే ఉంటుంది, కానీ సగం కూడా రాదు. గంట రెండు గంటల తర్వాత మోటారు థర్మోస్టాట్ తెరుచుకుని డ్రైవ్ ఆగుతుంది. నింద మళ్ళీ డ్రైవ్ మీదే.

సప్లై లేకుండా చేసే పరీక్షలు

ప్యానెల్ తలుపు తీసి ముందు ముక్కు పెట్టండి. కాలిన వార్నిష్ వాసన, నల్లబడిన లగ్గు, ఉబ్బిన కెపాసిటర్, రంగు మారిన స్లీవు. మన విశాఖలో దీనికి తోడు సముద్రం ఉంది. ఉప్పుగాలి రాగి లగ్గుల మీద పచ్చగా చిలుము పట్టిస్తుంది, ఫ్లాట్ కేబుల్ కనెక్టర్ల పిన్నుల్ని మసకబారుస్తుంది. పోర్టు వైపు షెడ్లలో బొగ్గు దుమ్ము, ఇనుప ఖనిజం దుమ్ము. ఆ దుమ్ము ఉప్పుతేమతో కలిసి కార్డు మీద సన్నటి పొరలా కూర్చుంటే, వానాకాలం పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు పిచ్చిపిచ్చి ట్రిప్పులు చూపించి, పది గంటలకి కార్డు వేడెక్కి తేమ ఆరాక ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. అలాంటి కార్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి కడిగి ఆరబెడితే చాలు. ప్యానెల్లో చిన్న హీటరు పెట్టి రాత్రిళ్ళు వెలగనివ్వండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక ఈ పాఠం నాకు ఖరీదుగా తెలిసింది. తీరం దగ్గర ఒక చోట ప్యానెల్ జాలీల్లోంచి ఉప్పునీటి తుంపర లోపలికి కొట్టింది. కరెంటు తిరిగి వచ్చేసరికి రోజులు పట్టింది, ఈలోపు అన్నీ ఎండిపోయాయి. ఎండిపోయాయి కదా అని సప్లై కొట్టారు. నీరు ఆరుతుంది, ఉప్పు ఆరదు. ఆ రాత్రి తేమకి మళ్ళీ చెమ్మగిల్లి, రెండు రోజుల్లో టెర్మినళ్ళ మధ్య ట్రాకింగ్ (ఉప్పు పొర మీద కరెంటు పాకడం) వచ్చి కాలిపోయింది. ఉప్పునీరు తగిలిన మోటారైనా ప్యానెలైనా ముందు మంచినీటితో కడగాలి, తర్వాత మెల్లగా ఆరబెట్టాలి, ఆ తర్వాతే మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు).

మెగ్గర్ అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. మోటారు వైర్లన్నీ, ఆర్మేచరూ ఫీల్డూ టాకో కూడా, డ్రైవ్ నుంచి విప్పాకే 500 వోల్టుల మెగ్గర్ కొట్టాలి. డ్రైవ్ తగిలి ఉండగా కొడితే బాగున్న కార్డుని మీరే చంపినట్టు. విడిగా కొలిచినప్పుడు ఎర్త్‌కి ఒక మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే మోటారు లోపల కార్బన్ పొడి పేరుకుందనో, తేమ ఉందనో అర్థం. కంప్రెసర్ గాలితో విసురుగా ఊదకండి, ఆ పొడి వైండింగ్ సందుల్లోకి ఇంకా లోతుగా పోతుంది. వాక్యూమ్‌తో లాగడం మేలు.

తర్వాత థైరిస్టర్లు. ఒక్కోదానికి ఆనోడ్, కాథోడ్ మధ్య రెండు వైపులా మల్టీమీటరు పెట్టండి. బాగున్నదైతే రెండు వైపులా లక్షల ఓమ్‌లలో ఉంటుంది. పోయినదైతే దాదాపు సున్నా. థైరిస్టర్ చచ్చేటప్పుడు ఎక్కువగా షార్ట్ అయ్యే చస్తుంది కాబట్టి ఈ పరీక్ష చాలా దూరం తీసుకెళ్తుంది. గేటుకీ కాథోడ్‌కీ మధ్య పదుల ఓమ్‌లలో ఉండాలి. ఆరింటిలో ఐదు ఒకలా ఉండి ఒకటి తేడాగా ఉంటే దాన్ని పట్టుకోండి. ఇక్కడ అంకె కంటే పోలిక ముఖ్యం. ప్యానెల్లోనే కొలిస్తే సమాంతరంగా ఉన్న స్నబ్బర్లు (థైరిస్టర్‌కి రక్షణగా పెట్టే రెసిస్టర్-కెపాసిటర్ జతలు), మరో థైరిస్టర్ మోసం చేస్తాయని గుర్తుంచుకోండి.

సప్లై, అనుమతులు, రిఫరెన్స్

ఇప్పుడు సప్లై ఇవ్వండి, కానీ స్టార్ట్ నొక్కొద్దు. మూడు ఫేజుల మధ్య వోల్టేజీ కొలవండి. ఫ్యూజుకి ముందు కాదు, తర్వాత, డ్రైవ్ టెర్మినళ్ళ దగ్గరే. ఒక ఫ్యూజు పోయినా వేరే దారిలో దొంగ వోల్టేజీ కనబడుతుంది. అనుమానం ఉంటే ఫ్యూజుని బయటకు తీసి కంటిన్యుటీ చూడండి.

మోటారు అసలు కదలకపోతే, ఎర్ర దీపం ఏదీ వెలగకపోతే, డ్రైవ్ ఎవరి అనుమతి కోసమో ఎదురుచూస్తోందని అర్థం. ఎమర్జెన్సీ స్టాప్, బ్లోవర్ ఓవర్‌లోడ్, మోటారు థర్మోస్టాట్, గార్డు లిమిట్ స్విచ్, ఇవన్నీ వరసగా ఒకే దారానికి గుచ్చి ఉంటాయి. ఆ వరసలో 24 వోల్టులు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో ఒక్కో టెర్మినల్ దగ్గరా చూసుకుంటూ పోండి. కొన్ని డ్రైవ్‌లలో స్పీడు నాబ్ సున్నాకి తిప్పితే తప్ప స్టార్ట్ తీసుకోదు. ఇది తెలియక అరపూట వెతికినవాడిని నేనే.

నాబ్ దగ్గర, అంటే పొటెన్షియోమీటరు నడిమి కాలికీ కామన్‌కీ మధ్య, మీటరు పెట్టి మెల్లగా తిప్పండి. సున్నా నుంచి 10 వోల్టుల దాకా గెంతులు లేకుండా ఎక్కాలి. మధ్యలో ఎక్కడైనా టక్కున పడి లేస్తే లోపలి ట్రాక్ అరిగినట్టు. మిషను ఒక స్పీడు దగ్గరే ఎప్పుడూ నడిచే చోట సరిగ్గా ఆ పాయింటులోనే అరుగుతుంది. యాభై వంద రూపాయల నాబ్ కోసం వేల రూపాయల కార్డు మార్చిన షెడ్లు నాకు తెలుసు. సిగ్నల్ పీఎల్‌సీ (మిషనుని నడిపే కంట్రోలరు) నుంచి 4–20 మిల్లీ ఆంపియర్లలో వస్తుంటే మీటరుని సిరీస్‌లో పెట్టి చూడండి. 4 కంటే తక్కువుందంటే వైరు తెగిందనుకోండి.

ఫీల్డ్: అందరూ దాటేసి పోయే చోటు

ఫీల్డ్‌కి రెండు కొలతలు కావాలి, వోల్టేజీ ఒక్కటే చూసి వదలొద్దు. 230 వోల్టుల సింగిల్ ఫేజ్‌ని మామూలు డయోడ్ బ్రిడ్జితో మారిస్తే సుమారు 207 వోల్టుల డీసీ వస్తుంది (0.9తో గుణించండి). ఆ 207 కనబడిందంటే బ్రిడ్జి బాగుంది, అంతవరకే. కరెంటు పోతోందా లేదా అన్నది వేరే సంగతి. ఫీల్డ్ వైరుకి డీసీ క్లాంప్ పెట్టి, నేమ్ ప్లేటు మీద రాసినదానితో పోల్చండి. చిన్న కరెంటైతే వైరుని క్లాంపులో పది చుట్లు తిప్పి వచ్చినదాన్ని పదితో భాగించండి.

రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, ప్రతి డిగ్రీకి దాదాపు 0.39 శాతం. పొద్దున్న 25 డిగ్రీల దగ్గర 85 ఓమ్‌లున్న ఫీల్డ్ 85 డిగ్రీలకి వెళ్ళేసరికి 105 అవుతుంది. వోల్టేజీ అంతే ఉంటే కరెంటు ఐదో వంతు తగ్గుతుంది, స్పీడు కొంచెం పెరుగుతుంది. టాకో లేకుండా ఆర్మేచర్ వోల్టేజీనే ఫీడ్‌బ్యాక్‌గా (స్పీడు ఎంతుందో డ్రైవ్‌కి తిరిగి చెప్పే సంకేతంగా) వాడే మిషన్లలో ఇది సహజం. దీన్ని జబ్బనుకుని వైద్యం చేయకండి. మొదటి అరగంట ఆపరేటర్ నాబ్ కాస్త సర్దుకోవాలి, అంతే.

ఆటోనగర్ షెడ్డులో జరిగింది దీని పెద్దన్న. అక్కడ నేమ్ ప్లేటు 2 ఆంపియర్లు అంటోంది. చల్లగా ఉన్నప్పుడు క్లాంపు 2.3 చూపించింది, పదకొండున్నరకి 1.1కి పడిపోయింది. వేడి వల్ల ఐదో వంతు తగ్గాలి గానీ సగం కాదు. డ్రైవ్ ఫీల్డ్ టెర్మినళ్ళ దగ్గర 207 వోల్టులు అలాగే ఉన్నాయి. మిషను ఆపి, సప్లై తీసి, ప్యానెల్ కింది టెర్మినల్ స్ట్రిప్పులో ఫీల్డ్ లగ్గు ముట్టుకుంటే చుర్రుమంది. లగ్గు లోపల వైరు పోగులన్నీ పచ్చటి చిలుము. చల్లగా ఉన్నప్పుడు ఆనుకుని ఉంటుంది, వేడికి వదులై తానే ఒక రెసిస్టర్ అయి కూర్చుంటుంది. కరెంటు పూర్తిగా పోలేదు కాబట్టి ఫీల్డ్ లాస్ ట్రిప్ పడలేదు. కార్డు మార్చినప్పుడల్లా ఆ వైర్లు విప్పి మళ్ళీ బిగించేవారు, ఆ బిగింపుకి రెండు మూడు వారాలు బాగుండేది. కొత్త లగ్గు వేసి క్రింప్ చేశాం. "ఏటి మాస్టారూ, ఇంతేనా?" అన్నాడు ఓనరు. మూడు పాత కార్డులూ ఇంటికి తెచ్చి బల్ల మీద పరీక్షించాను. మూడూ బాగున్నాయి.

ఫీల్డ్ కరెంటు సున్నా అయితే వరసగా ఫీల్డ్ ఫ్యూజు, బ్రిడ్జి, ఆ తర్వాత మోటారు టెర్మినల్ బాక్సులో ఫీల్డ్ చుట్ట రెసిస్టెన్స్. ఎక్కువ కరెంటు ఉంటే చుట్టలో కొంత భాగం షార్టయ్యిందేమో చూడాలి. ఫీల్డ్‌లోని ఒక్కో పోల్ చుట్ట మీద వోల్టేజీ సమానంగా పంచుకుంటోందో లేదో కొలిస్తే ఏ పోలో తేలుతుంది.

బల్బులతో డ్రైవ్‌ని నిలదీయడం

తప్పు డ్రైవ్‌దా మోటారుదా అన్న తగువు తీర్చడానికి ఇంతకంటే తేలిక దారి నాకు తెలియదు. మోటారు ఆర్మేచర్ వైర్లు విప్పి టేపు చుట్టి పక్కన పెట్టండి. ఆ చోట పాతకాలపు ఫిలమెంట్ బల్బులు, 200 వాట్లవి, కలపండి. సింగిల్ ఫేజ్ డ్రైవ్‌కి ఒకటి చాలు. 415 వోల్టుల మూడు ఫేజుల డ్రైవ్ నుంచి 560 వోల్టుల దాకా రావొచ్చు (1.35తో గుణించండి), కాబట్టి మూడు బల్బులు సిరీస్‌లో. ఎల్ఈడీ బల్బులు పనికిరావు. ఫిలమెంట్ బల్బులు ఇప్పుడు కరువయ్యాయి. పూర్ణా మార్కెట్ వైపు ఒక పాత కొట్లో దొరికితే డజను తెచ్చి దాచుకున్నాను.

రెండు షరతులు. ఫీల్డ్ వైర్లు మోటారుకి తగిలే ఉండాలి, లేకపోతే ఫీల్డ్ లాస్ చూపించి డ్రైవ్ ఎత్తుకోదు. ఫీడ్‌బ్యాక్‌ని టాకో నుంచి ఆర్మేచర్ వోల్టేజీకి మార్చాలి, ఎందుకంటే మోటారు తిరగదు, టాకో సున్నా చూపిస్తుంది, డ్రైవ్ ఒక్కసారిగా ఫుల్లుకి వెళ్ళిపోతుంది.

నాబ్ తిప్పుతుంటే బల్బు సంధ్యవెలుగు నుంచి పూర్తి వెలుగుదాకా నున్నగా ఎక్కితే డ్రైవ్ బాగుంది, మోటారు వైపు నడవండి. మిణుకుమంటే ఏదో థైరిస్టర్ ఆన్ అవ్వట్లేదు. పల్సు రావట్లేదా, థైరిస్టరే ఓపెనైందా అన్నది గేటు వైర్లు పక్కదానితో మార్చి చూస్తే తెలుస్తుందని కొందరంటారు. ఆ పని మాత్రం చేయకండి, తప్పు సమయంలో పల్సు పడితే ఫేజులు షార్టవుతాయి. సప్లై తీసి గేటు కనెక్టర్లు, పల్స్ ట్రాన్స్‌ఫార్మర్ కంటిన్యుటీ చూడటమే మర్యాద. ఇంకో సంగతి: వందల ఆంపియర్ల పెద్ద థైరిస్టర్లకి బల్బు తాగే ముప్పాతిక ఆంపియరు సరిపోక, బాగున్నా మిణుకుమనొచ్చు. వాటికి హీటర్ రాడ్లు సిరీస్‌లో వాడతాం.

అలవాటైన చెవికి బల్బు కూడా అక్కర్లేదు. ఆరు థైరిస్టర్లూ పనిచేస్తుంటే మోటారు నుంచి సన్నగా 300 హెర్ట్జ్ రొద వస్తుంది. ఒకటి మానేస్తే ప్రతి సైకిల్‌లో ఆరు పల్సుల్లో రెండు పోయి, గొంతు బొంగురుపోయినట్టు 50 హెర్ట్జ్ ఘుర్రు కలుస్తుంది. కార్బన్ల దగ్గర నిప్పురవ్వలు కూడా ఎక్కువవుతాయి.

టాకో, ఊగిసలాట

నాబ్ కొంచెం తిప్పగానే మోటారు పూర్తి స్పీడుకి ఎగిరిందంటే మొదటి ముద్దాయి టాకో. వైరు తెగితే డ్రైవ్‌కి మోటారు తిరగనట్టే కనిపిస్తుంది, ఇంకా ఇంకా తోస్తుంది. రెండు వైర్లు తారుమారైనా అంతే. మన దగ్గర ఎక్కువగా కనిపించే టాకోలు 1000 ఆర్పీఎంకి 60 వోల్టులు ఇస్తాయి, అంటే 1500 దగ్గర 90. టాకో వైర్లు విప్పినప్పుడు, మార్చినప్పుడు, ముందు ఆర్మేచర్ వోల్టేజీ ఫీడ్‌బ్యాక్ మీద సగం స్పీడుకి నడిపి, 45 వోల్టులు వస్తోందా, ప్లస్ మైనస్ సరిగ్గా ఉన్నాయా చూసి, అప్పుడు మాత్రమే టాకోకి మారండి. (ఫీల్డ్ తగ్గించి బేస్ స్పీడు పైన నడిపే మిషన్లలో ఆర్మేచర్ వోల్టేజీ ఫీడ్‌బ్యాక్ పైభాగానికి పనికిరాదు, కింది సగంలోనే పరీక్షించండి.)

స్పీడు ఊయలలా ఊగుతుంటే కూడా ఇదే కిటుకు. ఆర్మేచర్ ఫీడ్‌బ్యాక్‌కి మార్చగానే ఊగడం ఆగిందా? టాకో కప్లింగ్ రబ్బరు చిరిగింది, గ్రబ్ స్క్రూ వదులైంది, లేదా టాకో కార్బన్లు అంటుకున్నాయి. ఆగలేదా? ఐఆర్ కాంపెన్సేషన్ ఎవరో ఎక్కువ తిప్పారేమో చూసి పూర్తిగా తగ్గించండి. అప్పటికీ ఊగితే గెయిన్ సర్దుబాటు. లోపలిది కరెంటు లూప్, బయటిది స్పీడు లూప్. లోపలిది కుదరకుండా బయటిదాన్ని తిప్పితే తలనొప్పే. తిప్పేముందు స్క్రూలు ఎక్కడున్నాయో ఫోటో తీసుకోండి. మిషను బెల్టో గేరో పళ్ళు అరిగి ఊగుతుంటే మాత్రం ఏ స్క్రూ తిప్పినా లాభం లేదు.

ఫ్యూజులు పదే పదే పోతుంటే

ఎప్పుడు పోయిందన్నదే ఇక్కడ జవాబు. సప్లై ఇవ్వగానే పోతే థైరిస్టర్ షార్ట్. స్టార్ట్ కొట్టి లోడు ఎక్కుతుండగా పోతే ఆర్మేచర్‌లో షార్టో, పల్సుల తప్పో. ఏళ్ళ తరబడి బాగా నడిచి, ఆపేటప్పుడు మాత్రమే అప్పుడప్పుడు పోతుంటే అది వేరే కథ. నాలుగు క్వాడ్రంట్ల డ్రైవ్ (రెండు దిక్కులా నడపగలిగి, బ్రేకు కూడా వేయగలిగేది) బ్రేకు వేసేటప్పుడు మోటారు శక్తిని తిరిగి సప్లైలోకి పంపుతుంది. సరిగ్గా ఆ క్షణంలో సప్లై వోల్టేజీ కుంగితే ఒక థైరిస్టర్ నుంచి మరోదానికి కరెంటు మారలేక ఇరుక్కుంటుంది, ఫ్యూజు ఎగురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుముల వాన పట్టి కరెంటు మినుకుమన్న రోజున ఇలా జరిగితే ఆశ్చర్యపోకండి. ఆర్మేచర్ పై వోల్టేజీ పరిమితి కాస్త తగ్గించడం, బ్రేకింగ్ నెమ్మది చేయడం, డీసీ వైపు ఫ్యూజు ఉందో లేదో చూడటం, ఇవే చేయగలిగినవి.

ఇక పోయిన ఫ్యూజు చోట పెట్టేది. థైరిస్టర్ల ముందుండేవి సెమీకండక్టర్ ఫ్యూజులు, చాలా వేగంగా పోయేలా చేసినవి. దొరకలేదని అదే ఆంపియర్ల మామూలు హెచ్ఆర్‌సీ ఫ్యూజు పెడితే, ఈసారి ఫ్యూజుని కాపాడటానికి థైరిస్టరే ముందు పోతుంది.

కార్బన్లు, కమ్యుటేటర్

కమ్యుటేటర్ (కార్బన్లు ఆనే చోట తిరిగే రాగి పలకల డ్రమ్ము) చాక్లెట్ రంగులో, నున్నగా ఉంటే దాన్ని ముట్టుకోకండి. రాగిలా మెరవాలని ఎమరీ కాగితంతో తోమడం పెద్ద పొరపాటు. ఎమరీ రేణువులు కరెంటుని పోనిస్తాయి, రాగి పలకల సందుల్లో ఇరుక్కుని షార్ట్ చేస్తాయి. అవసరమైతే కమ్యుటేటర్ రాయి, లేదా సన్నటి శాండ్ పేపర్. కార్బను హోల్డర్‌లో వేలితో పైకీ కిందకీ స్వేచ్ఛగా ఆడాలి. ఉప్పుతేమకి బొగ్గు దుమ్ము తోడై అది ఇరుక్కుంటే స్ప్రింగు ఎంత నొక్కినా ఆనదు, నిప్పులు చిమ్ముతుంది, డ్రైవ్ ఓవర్ కరెంటు చూపిస్తుంది. సమాన దూరాల్లో పలకలు నల్లబడితే ఆర్మేచర్ చుట్టలో లోపం, రివైండింగ్ షాపుకే పంపాలి. మోటారు కవరు సందులకి సిలికాన్ సీలెంట్ పూయకండి. ఆ ఆవిరికి కార్బన్లు వారాల్లో అరిగిపోతాయి.

ఇళ్ళలో ట్రెడ్‌మిల్లులు, చిన్న బోర్డులు

ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ల నుంచి నాకు వచ్చే ఫోన్లన్నీ ట్రెడ్‌మిల్లులవే. వీటిలో పర్మనెంట్ మాగ్నెట్ మోటారు, ఫీల్డ్ గొడవ లేదు. బోర్డు మీద కెపాసిటర్ మాత్రం 325 వోల్టుల దాకా నింపుకుని ఉంటుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా. బల్బు తగిలించి ఖాళీ చేసి, మీటరుతో చూసి, అప్పుడు ముట్టుకోండి. నడుస్తూ ఆగిపోతోందంటే బోర్డుకంటే ముందు బెల్టు కిందకి చెయ్యి పెట్టి చూడండి. ఎండిపోయి గరుగ్గా ఉంటే మోటారు రెట్టింపు కరెంటు లాగుతుంది. కాస్త సిలికాన్ ఆయిల్‌తో కుదిరేదానికి బోర్డు మార్చిన ఇళ్ళున్నాయి (ఇక్కడ ఆయిల్ బెల్టు కిందే, మోటారు దగ్గరకి పోకూడదు).

12, 24 వోల్టుల పీడబ్ల్యూఎం బోర్డుల్లో (సప్లైని వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ స్పీడు మార్చేవి) నాబ్ ఎక్కడున్నా ఫుల్ స్పీడే అయితే ఆ ఆన్ ఆఫ్ చేసే మాస్‌ఫెట్ షార్ట్. కొత్తది వేసినా వెంటనే పోతుంటే మోటారుకి అడ్డంగా ఉండే ఫ్రీవీలింగ్ డయోడ్ ఓపెన్ అయి ఉంటుంది. ముందు దాన్ని మార్చండి.

కార్డు మార్చక తప్పనప్పుడు

పాతది విప్పేముందు డిప్ స్విచ్‌లు, జంపర్లు, చిన్న రెసిస్టర్లు స్పష్టంగా ఫోటో తీయండి. ముఖ్యంగా కరెంటు కాలిబ్రేషన్‌కి పెట్టిన బర్డెన్ రెసిస్టర్. అది మోటారు ఆంపియర్లకి తగ్గట్టు ఎంచినది. కొత్త కార్డు పెట్టెలోంచి వచ్చినట్టే పెట్టేస్తే 20 ఆంపియర్ల మోటారుకి 40 పంపించొచ్చు, లేదా 40ది 20 దగ్గరే చేతులెత్తేయొచ్చు. "కొత్త కార్డుకి పవర్ లేదు సార్" అనే ఫిర్యాదు ఇక్కడ పుడుతుంది. ఆర్మేచర్ వోల్టేజీ జంపర్, టాకో వోల్టేజీ సెట్టింగ్ కూడా అంతే.

మొదటిసారి నడిపేటప్పుడు బెల్టు తీసి ఖాళీ మోటారు, ఆర్మేచర్ ఫీడ్‌బ్యాక్, కరెంటు లిమిట్ కిందికి, నాబ్ సున్నా. ఫీల్డ్ కరెంటు నేమ్ ప్లేటుకి కుదిరిందని చూశాకే స్టార్ట్. తర్వాత టాకో, తర్వాత బెల్టు, చివరికి లిమిట్ తిరిగి పైకి.

మిషను ఫుల్ లోడు మీద గంటసేపు నడిచి వేడెక్కాక ఆ నాలుగు అంకెలూ మళ్ళీ తీసి, తారీఖుతో పాటు ఒక కాగితం మీద బాల్ పెన్నుతో రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ప్యానెల్ తలుపు లోపలి వైపు అతికించండి. జెల్ పెన్ను వద్దు. మన ఊరి ఉక్కకి ఒక్క వర్షాకాలంలో అలుక్కుపోతుంది.